పాత కంప్యూటరు – పంచాయతీ పద్దులు

(మదనపల్లె, పుంగనూరు, కుప్పము ప్రాంతముల పంచాయతీ సభ్యుల సమావేశములలో చేసిన ప్రసంగ పాఠము)



మదనపల్లెలోను, పుంగనూరులోను, కుప్పములోను మేము ఈ విషయమును గూర్చి మాటలాడినప్పుడు సభ్యులు మమ్ము అడిగిన ప్రశ్న ఒక్కటే. “మా ఆఫీసు మూలను పాత కంప్యూటరొకటి దుమ్ము పట్టి యున్నది. దానితో ఏమైన పని జరుగునా? లేక పాత సామానులవానికి తూకమునకు వేయవలసినదేనా?”

ఇది ఉచితమైన ప్రశ్న. 2025 అక్టోబరు 14వ తేదీతో విండోస్ 10కు మైక్రోసాఫ్టువారి సాధారణ మద్దతు ముగిసినది. విండోస్ 11 అనేక పాత యంత్రములపై ఎక్కదు. అందువలన నిన్నటివరకు నడచిన యంత్రము నేడు పనికిరానిదని తలచుట సహజము. ఇంటర్నెట్టునకు సంబంధించినంతవరకు ఆ తలంపులో నిజమున్నది కూడ. మద్దతు లేని యంత్రమును ఇంటర్నెట్టునకు తగిలించి పంచాయతీ పనులు చేయుట క్షేమము కాదు. కాని తీగ విప్పి, ఒక్క పనికై ప్రత్యేకించినచో ఆ యంత్రమే ఇంకను కొన్ని సంవత్సరములు చక్కగా సేవ చేయును. ఆ ఒక్క పని పద్దుల పని.

ఏ పద్దులు? పంచాయతీ ఆదాయవ్యయముల లెక్కలు ఈ-గ్రామ్‌స్వరాజ్‌లో నెక్కుచున్నవి. దానిని 2020 ఏప్రిల్ 24న ప్రారంభించిరి. ఆ లెక్కలను ఇందులోనికి లాగుట మా ఉద్దేశము కాదు. సంతకములు గల రిజిస్టర్లకు బదులుగాను ఇది పనికిరాదు. మేము చెప్పునది పంచాయతీ తన సౌకర్యమునకై ఉంచుకొనవలసిన జాబితాలను గూర్చి. ఇండ్లు, కుళాయిలు, వీథిదీపములు, వచ్చిన అర్జీలు, వసూలైన రసీదులు – ఇవి చేతికి అందుబాటులో నుండవలెను. అడిగిన క్షణమున జవాబు దొరకవలెను.

జవాబు దొరకనిచో ఏమగునో మేము కన్నులార చూచితిమి. గ్రామము పేరు చెప్పము. అరువదేండ్ల వితంతువొకామె మూడేండ్ల ఇంటిపన్ను రసీదులను కొంగున ముడివేసుకొని పంచాయతీ ఆఫీసుకు వచ్చినది. కరెంటు మీటరును తన పేరిటికి మార్చించుకొనుటకు బకాయి లేదన్న కాగితము కావలెనట. కంప్యూటరు మాత్రము ఆమె ఇంటిపై మూడేండ్ల బకాయి చూపుచున్నది. విచారింపగా తేలినదేమనగా, ఆ ఇల్లు రెండుసార్లు ఎక్కియున్నది. ఒకచోట కీర్తిశేషుడైన భర్త పేరు, మరొకచోట ఆమె పేరు. రెండును ఇంగ్లీషు అక్షరములలో. ఆమె చెల్లించిన సొమ్ము ఒక పద్దున జమపడినది, బకాయి మరొక పద్దున పెరుగుచున్నది. ఆ ప్రోగ్రాములో విడివిడి రసీదులు లేవు. సొమ్ము వచ్చినప్పుడెల్ల పాత నిలువను చెరిపి కొత్త నిలువ వ్రాయుటయే దాని పద్ధతి. ఏ రసీదు ఎచ్చట జమయైనదో కనుగొనుటకు వీలు లేకపోయినది. పోనీ దిద్దుదమన్న, ప్రోగ్రాము చేసినవారు దానికి పాస్‌వర్డు పెట్టి పోయిరి. వారి జాడ లేదు. ఆమె నాలుగుమారులు తిరిగినది. తుదకు రసీదు పుస్తకముల అడుగు ప్రతులు వెదకి పని ముగించిరి. అప్పటికి రెండు నెలలైనది. గుమాస్తా తప్పు లేదు. ఆమె తప్పు అసలే లేదు. ఏ సాఫ్టువేరు తీసుకొనవలెనో, దానిలో పద్దులెట్లు అమర్చవలెనో ముందుగా ఎవరును ఆలోచింపకపోవుటయే దీనికి మూలము.

ఇట్టి జాబితాలను ఉంచి, వెదకి, లెక్క తీయు సాఫ్టువేరును డేటాబేసు అందురు. దత్తాంశనిధి అని పుస్తకములలో వ్రాయుదురు గాని, ఆఫీసులో నెవ్వరు నట్లు పలుకరు కనుక మనమును డేటాబేసనియే అందము.

పాత యంత్రము నిదానము కదా, వేలకొలది పద్దులను మోయగలదా యని సందేహము కలుగవచ్చును. ఒక్క లెక్క చూడుడు. 2,000 ఇండ్లున్న పంచాయతీ అనుకొందము. ఒక్కొక్క ఇంటి వివరమునకు 500 బైట్లు పట్టినను మొత్తము 10 లక్షల బైట్లు, అనగా సుమారు ఒక మెగాబైటు. సెల్‌ఫోనులోని సినిమాపాట ఒక్కటి దీనికి మూడు నాలుగు రెట్లుండును. ఒక గిగాబైటు జ్ఞాపకశక్తి గల పదునైదేండ్ల నాటి యంత్రమునకు ఇది ఒక మోత కానే కాదు. యంత్రమును నిదానము చేయునవి వేరు. తెరమీది హంగులు, వెనుక నడచు పదిరకముల ప్రోగ్రాములు, బ్రౌజరు. అవి తీసివేసినచో యంత్రము తేలికపడును.

ఇక వేగమునకు అసలు కీలకము యంత్రములో లేదు, ఇండెక్సులో నున్నది. ఓటర్ల జాబితా వరుసలో లేనిచో 2,000 పేర్లలో ఒక పేరు వెదకుటకు సగటున 1,000 పేర్లు చూడవలసివచ్చును. వరుసలో నున్నచో మధ్యకు తెరచి, ముందా వెనుకా యని చూచి, సగము విడిచిపెట్టి, మిగిలిన సగమును మరల మధ్యకు తెరచుచు పోయిన 11 మారులలో పేరు దొరకును. పది లక్షల పేర్లైనను 20 మారులు చాలును. డేటాబేసులో ఇండెక్సు చేయు పని ఇదియే. కొత్త యంత్రము కొని ఇండెక్సు లేని జాబితాను వెదకుటకంటె, పాత యంత్రములో ఇండెక్సు కట్టుకొనుట మేలు. దానికి ఖర్చు లేదు, ఒక్క వాక్యము వ్రాసిన చాలును.

ఇప్పుడు ఏ సాఫ్టువేరు మేలన్న విషయమునకు వత్తము.

చాలమంది మొదట ఎక్సెల్ వంటి పట్టికను తెరతురు. 200, 300 పద్దులకు, ఒక్కరే వ్రాయునప్పుడు అది చాలును. మేము కాదనము. కాని దానితో మన ఇంటి నెంబర్లకు ఒక ప్రమాదమున్నది. 3-12 అని కొట్టినచో ఎక్సెల్ దానిని తేదీ యనుకొని మార్చివేయును. మూడవ వార్డు పన్నెండవ ఇల్లు కాస్తా ఏదో నెలలోని ఏదో రోజుగా మారిపోవును! ముందుగా ఆ నిలువు గడిని అక్షరముల గడిగా ప్రకటింపనిచో ఈ చిక్కు తప్పదు. మరియొక కష్టమేమనగా, ఒక్క నిలువు గడిని మాత్రమే వరుసపరచి తక్కినవానిని మరచినచో ఒకరి బకాయి మరొకరి పేరున పడును. డేటాబేసులో నొక పద్దులోని వివరములన్నియు కలిసియే కదలును.

తరువాతిది ఫాక్స్‌ప్రో. దీనికి పెద్ద వంశమున్నది. అమెరికాలోని జెట్ ప్రొపల్షన్ లాబరేటరీలో పనిచేసిన వేన్ రాట్లిఫ్ అను నాయన 1970 దశకము చివర ఫుట్‌బాల్ పందెముల లెక్కలు వేసుకొనుటకై ఇంటివద్ద నొక ప్రోగ్రాము వ్రాసికొనెను. అదియే డీబేస్ అను పేర అంగడికి వచ్చి చిన్న కంప్యూటర్ల ప్రపంచమును ఏలినది. దాని బాణీలోనే, దానికంటె వేగముగా ఫాక్స్‌ప్రో వచ్చినది. 1992లో దానిని మైక్రోసాఫ్టువారు కొనిరి. మేము డిగ్రీ చదువుకాలమున నేర్చినదియు ఇదియే. మీ మండలములలోని గుమాస్తాలలో, ఉపాధ్యాయులలో దానిని నేర్చినవారు ఇంకను దొరకుదురు. నాలుగు వాక్యములు వ్రాసిన రసీదు అచ్చుపడును. వేగమునకు నేటికిని వంక పెట్టలేము.

అయినను కొత్తగా ప్రారంభించువారికి మేము దానిని చెప్పము. దాని చివరి రూపమునకు సైతము మద్దతు 2015 జనవరి 13తో ముగిసినది. డాస్ కాలపు ఫాక్స్‌ప్రో 64 బిట్ల విండోస్‌పై నేరుగా నడవదు. వాని పట్టికలు యూనికోడు తెలుగును ఎరుగవు. ఈ మూడవది మనకు ముఖ్యము. యూనికోడు తెలుగు అక్షరములను ఫైలులో సాధారణముగా దాచు పద్ధతిలో ఒక్కొక్క గుర్తుకు మూడు బైట్లు పట్టును. అచ్చులు, హల్లులు మాత్రమే గాక కొమ్ము, సున్న, వత్తునకు ముందు దాగియుండు పొల్లు కూడ ఒక్కొక్క గుర్తే. ఆ లెక్కన ‘కుప్పం’ అన్నమాట 6 గుర్తులు, 18 బైట్లు. ‘పుంగనూరు’ 8 గుర్తులు, 24 బైట్లు. పాత పట్టికలో ఊరిపేరునకు 20 గడులు కేటాయించి అందులో పుంగనూరును కుక్కినచో తోక తెగి, పేరు చివర గళ్ళు గళ్ళుగా కనబడును.

పేర్లను ఇంగ్లీషు అక్షరములలోనే ఉంచవచ్చును కదా యని పుంగనూరులో నొక సభ్యుడు అడిగిరి. ఆ పద్ధతి ఫలితమును వితంతువు కథలో చూచితిమి. మన ప్రాంతమున రెడ్డెప్పలు, గంగులప్పలు, మునెమ్మలు మెండు. ఒక్క రెడ్డెప్ప పేరును ఇంగ్లీషున మూడు విధముల వ్రాయుదురు, మూడును ఒప్పే అందురు. తెలుగున వ్రాసినచో ఒక్క రూపమే యుండును. పూర్తిగా చిక్కులు తీరునని చెప్పము. సున్నతో వ్రాసిన చంద్రయ్య వేరు, నకారపు పొల్లుతో వ్రాసిన చన్ద్రయ్య వేరని యంత్రము తలచును. కొన్ని కీబోర్డులు కంటికి కనబడని గుర్తును కూడ మాట నడుమ చేర్చును. అప్పుడు తెరపై పేరు సరిగానే యుండును గాని వెదకిన దొరకదు. కుప్పము వైపు ఇంకొక విశేషమున్నది. ఆ పక్కన తమిళము, ఈ పక్కన కన్నడము. కొందరి కాగితములు ఆ భాషలలో నుండును. ఒకే పట్టికలో మూడు లిపులును ఇముడవలెనన్న యూనికోడు తెలిసిన డేటాబేసు తప్పనిసరి.

ఆక్సెస్ అను నది మైక్రోసాఫ్టువారిదే. తెరమీద గడులు దిద్దుకొని పని చేసికొనవచ్చును, యూనికోడు తెలియును, నేర్చుట తేలిక. కాని అది వెలపెట్టి కొనవలసినది. లిబ్రేఆఫీసువారి బేస్ ఉచితము, తెలుగును ఎరుగును. అయితే దానితో వచ్చు అంతర్గత డేటాబేసు జావా అను మరొకదానిపై ఆధారపడి నడచును. పాత యంత్రములో తెరచుటకే చాలసేపు పట్టుట మేము చూచితిమి.

మా ఓటు ఎస్‌క్యూలైట్‌కు. అమెరికా దేశపు రిచర్డ్ హిప్ దీనిని 2000 సంవత్సరమున వ్రాసెను. యుద్ధనౌకకు సంబంధించిన పనిలో ఆయన యుండగా, దూరముననున్న డేటాబేసు సర్వరు ఆగినప్పుడెల్ల తన ప్రోగ్రాము పనిచేయక అపకీర్తి తనకు వచ్చెడిదట. అందుచే సర్వరే అక్కరలేని డేటాబేసు కావలెనని తలచెను. మండల కేంద్రములో లైను పోయిన దినమున మీ పంచాయతీలో జరుగునది కూడ అదే కదా! దీనికి ఎవరి అనుమతియు అక్కరలేదు, ధర లేదు. మీ జేబులోని సెల్‌ఫోను లోపల సైతము ఇది పనిచేయుచునే యున్నది. ప్రోగ్రాము ఒకటి రెండు మెగాబైట్లకు మించదు. పద్దులన్నియు ఒక్క ఫైలులో నుండును. 2050 వరకు దానిని కాపాడుదుమని వ్రాసినవారు ప్రకటించియున్నారు.

దీనికి లోపములు లేవా? ఉన్నవి. ఎస్‌క్యూలైట్ ఎముకల గూడు వంటిది, ముఖము లేదు. తెరపై పద్దులు వ్రాయుటకు డీబీ బ్రౌజర్ అను మరొక ఉచిత ప్రోగ్రాము చేర్చుకొనవలెను. చక్కని రసీదు అచ్చు కావలెనన్న పైతాన్‌లో చిన్న ప్రోగ్రాము వ్రాయింపవలెను. ఇంటర్ చదివిన కుర్రవాడు నెలలో నేర్వగలడు. అడుగు భాష మరీ సులభము. సెలెక్ట్ అనగా ఏయే వివరములు కావలెను, ఫ్రమ్ అనగా ఏ పట్టికనుండి, వేర్ అనగా ఏ నియమముతో, ఆర్డర్ బై అనగా ఏ వరుసలో. ఈ నాలుగు మాటలతో మూడవ వార్డు బకాయిదారుల జాబితా తెరపైకి వచ్చును. కుప్పములో 2002లో హ్యూలెట్ పాకార్డు సంస్థ రాష్ట్ర ప్రభుత్వముతో కలిసి ఐ-కమ్యూనిటీ అను కార్యక్రమమును ప్రారంభించినప్పుడు, గ్రామస్త్రీలు సౌరశక్తితో నడచు ప్రింటర్లతో ఫొటోలు తీసి అచ్చువేసి ఇచ్చుట నేర్చిరి. వారికంటె ఇది కష్టమైన విద్య కాదు.

కరెంటు పోవుట మన పల్లెలలో కొత్త కాదు. పద్దు వ్రాయుచుండగా దీపము పోయినచో పాత డీబేస్, ఫాక్స్‌ప్రో పట్టికల తల చెడి, తెరువుటకే నిరాకరించుట కలదు. ఎస్‌క్యూలైట్ ముందుగా పక్కన గుర్తు వ్రాసికొని పిమ్మట పద్దు మార్చును. నడుమ ఆగినచో తెరచినంతనే పాత స్థితికి తానే వచ్చును. సగము పద్దు మిగులదు. ఈ జాగ్రత్తకు కొంత కాలము వ్యయమగును. పాత తిరుగుడు డిస్కులో ఇట్లు ఒక్కొక్క పద్దును విడివిడిగా ఖాయపరచినచో సెకనుకు కొన్ని డజన్లు మాత్రమే సాగును. కనుక వేలకొలది పద్దులను ఒక్కమారు ఎక్కించునప్పుడు బిగిన్ అని మొదలుపెట్టి, అన్నియు ఎక్కిన పిమ్మట కమిట్ అని ముగింపవలెను. అర నిముసము పని క్షణములో నగును. ఈ చిన్న కిటుకు తెలియక యంత్రమును తిట్టువారిని చూచితిమి. ఇంకొక మాట. ఆ ఫైలును నెట్‌వర్కు ఫోల్డరులో నుంచి రెండు మూడు యంత్రములనుండి వ్రాయరాదు. అట్లు చేసిన పద్దులు చెడిపోవచ్చును. ఒక యంత్రము, ఒక గుమాస్తా. పంచాయతీకి అంతే చాలును.

పట్టికల అమరికలో మేము పట్టుపట్టునవి రెండే. ఒకటి, ప్రతి ఇంటికి ఎన్నటికిని మారని గుర్తు సంఖ్య నీయవలెను. యజమాని పోయినను, అన్నదమ్ములు పంచుకొనినను, ఇంటినెంబరు మారినను ఆ సంఖ్య మారరాదు. పేరును ఆధారముగా కొనరాదు. ఇంటినెంబరును సైతము వార్డు, ఇల్లు, ఉప అక్షరము అని మూడు గడులుగా విడదీసి ఉంచుడు. లేనిచో 1-10 తరువాత 1-2 వచ్చును. రెండవది, నిలువను చెరిపి వ్రాయరాదు. ఇండ్ల పట్టిక వేరు, రసీదుల పట్టిక వేరు. ప్రతి రసీదు ఒక వరుస. డిమాండులోనుండి రసీదులను తీసివేసి బకాయిని యంత్రమే అప్పటికప్పుడు లెక్కింపవలెను. అప్పుడు ఆ వితంతువు రసీదు నెంబరు చెప్పిన నిమిషములో ఏ పద్దున పడినదో తెలిసిపోయెడిది. ఆధార్ నెంబర్లను మాత్రము ఇందు వ్రాయకుడు. వ్యక్తుల వివరముల రక్షణకు 2023లో చట్టమే వచ్చినది. అక్కరలేని వివరము దగ్గర నుంచుకొనకపోవుట ఉత్తమము.

2024 జూలై 21 రాత్రి మదనపల్లె సబ్ కలెక్టరు కార్యాలయమున మంటలు రేగి దస్త్రములు దగ్ధమైన సంగతి మీరెరుగుదురు. ఆ ఊరి సమావేశమున దానిని ప్రస్తావింపగనే సభ నిశ్శబ్దమైనది. కాగితము కాలును, డిస్కు చెడును. ప్రతి శనివారము ఆ ఒక్క ఫైలును పెన్‌డ్రైవులోనికి ప్రతి తీసి, వారమునకొకటి చొప్పున రెండు పెన్‌డ్రైవులను మార్చి మార్చి వాడుడు. ఒకటి ఆఫీసు బీరువాలో, ఒకటి వేరొక భవనములో. పిల్లల పాటల పెన్‌డ్రైవును దీనికి వాడకుడు. వైరసు వచ్చునది ఆ దారినే. నెలకొకసారి పద్దులను మామూలు అక్షరముల ఫైలుగా కూడ తీసి ఉంచుడు. దానిని ఏ యంత్రమైనను చదువగలదు.

ఇదివరకే ఫాక్స్‌ప్రో ప్రోగ్రాము సవ్యముగా నడచుచున్నచో దానిని పీకివేయవలదు. నడచునంతకాలము నడవనిండు. పద్దులు మాత్రము నెలనెల బయటికి తీయుడు. తీయుటకు వీలులేని ప్రోగ్రామైనచో, అది ఎంత వేగమైనదైనను, నేడే విడువవలెను.

మా మాట నమ్మి ఎన్నుకొనవలదు. మీ వార్డులోని 100 ఇండ్లను నిజమైన వివరములతో, తెలుగున ఎక్కించుడు. వానిని ఇరువది ప్రతులు చేసినచో 2,000 అగును. అప్పుడు పేరుతో వెదకుడు. వార్డు బకాయి అడుగుడు. నడుమ కరెంటు స్విచ్చి కట్టి మరల తెరచి చూడుడు. పద్దులను బయటికి తీసి వేరొక యంత్రములో తెరువుడు. తుదకు, మీ గుమాస్తాను పిలిచి “కుళాయి ఉన్నదా లేదా అన్న కొత్త గడిని చేర్చుము” అనుడు. ఎవరికిని ఫోను చేయక అతడు చేర్చగలిగినచో ఆ సాఫ్టువేరు మీకు తగినది.

ఖర్చెంత యని కుప్పములో అడిగిరి. సాఫ్టువేరుకు ఏమియు లేదు. ఖర్చంతయు గుమాస్తా కాలమే. ఇంటికి మూడు నిముసముల చొప్పున 2,000 ఇండ్లకు 100 గంటలు. దినమునకు ఐదు గంటలైన 20 పనిదినములు. ఆ దినములలో అతనికి వేరు పని చెప్పమని పంచాయతీ ముందుగా తీర్మానించుకొనవలెను. మార్చి నెలాఖరు వసూళ్ళ ఒత్తిడి ముగిసి, ఏప్రిల్ 1న కొత్త డిమాండు మొదలగునప్పుడు ఈ పని ప్రారంభించుట అనుకూలము.